నిలబడ్డ కాలు

మా అన్న చిత్తూరు నుంచి వస్తే మా ఇంట్లో టీవీ పెట్టే పని ఉండదు. ఆయనా మా అమ్మాయీ కరాటే మాట ఎత్తితే రాత్రి భోజనాల దాకా తెగదు. అన్న 1980లలో నేర్చుకున్నాడు. సుమన్, భానుచందర్ సినిమాలు చూసి కుర్రాళ్లు ఊరూరా తెల్లబట్టలు కుట్టించుకున్న రోజులవి. చిత్తూరు మెసానికల్ గ్రౌండు మట్టిలో ఆయన సాధన. రిటైరయ్యే వయసొచ్చినా ఆదివారం పొద్దున పిల్లలకు నేర్పడం మానలేదు. అమ్మాయి తిరుపతిలో బి.పి.ఎడ్. చదువుతూ, సాయంత్రాలు ఒక మిద్దె మీద ఇరవైమంది పిల్లలకు క్లాసు చెబుతుంది. పోటీలకూ పోతుంది. ఇద్దరి నడుముకూ నల్ల బెల్టే. అయినా ఒక్క తన్ను దగ్గర ఇద్దరికీ ఏనాడూ కుదరలేదు.

ఆ తన్ను పేరు మవాషి గెరి. జపాను మాటలో తిప్పి తన్నడం అని అర్థం. మన పిల్లల నోట్లో అది రౌండ్ కిక్. మోకాలు ఎత్తి, నడుం తిప్పి, కొడవలి తిరిగినట్టు పక్కనుంచి పాదాన్ని విసరడం. కరాటే తెలియనివాళ్లకు కూడా కరాటే అనగానే కళ్లముందు మెదిలేది ఇదే.

పోయిన శనివారం అమ్మాయి క్లాసులో తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె ఈ తన్ను వేస్తూ మోకాలు పట్టుకుని కూలబడింది. డాక్టరు చూసి, లిగమెంటు కొంచెం సాగింది, రెండు వారాలు ఆటలు వద్దు అన్నాడు. మా అమ్మాయి ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. మరునాడు మధ్యాహ్నం అన్న బస్సు దిగాడు. చంద్రగిరి దాటేసరికే ఫోన్లో సంగతి విన్నాడు కాబట్టి ఇంటికొచ్చాక కుశలప్రశ్నలు లేవు. పొద్దు వాలాక టీ గ్లాసులతో ముగ్గురం మిద్దెక్కాం. ఎదురుగా తిరుమల కొండ. అక్కడ జరిగిన మాటలివి. నాకు కరాటే రాదు. ఇద్దరినీ ఇన్నేళ్లుగా చూస్తున్నదాన్ని కాబట్టి మధ్యలో నా మాట కూడా ఉంటుంది.

మేనమామ: ఆ బిడ్డను ఎంత ఎత్తు తన్నమన్నావు?

మేనకోడలు: తల ఎత్తు. ప్యాడ్ నేనే పట్టుకున్నా మామా.

మేనమామ: చేరి ఎన్నాళ్లయింది?

మేనకోడలు: రెండు నెలలు.

మేనమామ: రెండు నెలలకే తల ఎత్తా! మా మాస్టరు ఆర్నెల్లు నడుం దాటి కాలు లేపనియ్యలేదు. మోకాలు ఎత్తు, దించు. ఎత్తు, దించు. అంతే.

మేనకోడలు: ఆ ఆర్నెల్లకు ఎంతమంది మిగిలినారు?

మేనమామ: ముప్పైమందిలో ఐదుమంది.

మేనకోడలు: పోయిన పాతికమందీ చేతకాక పోలేదు కదా మామా, విసుగొచ్చి పోయినారు. నా దగ్గర ఇరవైమంది చేరితే ఇరవైమందీ ఉండారు. పన్నెండుమంది ఆడబిడ్డలే. ప్యాడ్ మీద కాలు తగిలిన చప్పుడు విన్న బిడ్డ మరునాడు అందరికంటే ముందొస్తుంది. పైగా పోటీలో లెక్క నీకు తెలీందా? గుద్దుకు ఒక పాయింటు, ఒంటి మీద తన్నుకు రెండు, తల మీద తన్నుకు మూడు. మూడు పాయింట్లు తెచ్చేదాన్ని చిట్టచివరికి పెట్టుకోమంటే ఎట్ల?

మేనమామ: మూడు ఎందుకిచ్చినారు? కష్టం కాబట్టి. అ ఆలు రానోళ్ల చేత పద్యం చదివిస్తారా ఎవరైనా?

మేనకోడలు: చదివిస్తారు. తాత మీ చేత చదివించలేదా? పలక పట్టకముందే వేమన పద్యాలు నోటికొచ్చేసినాయని నువ్వే కదా చెప్పింది.

(నిజమే. మా నాయన రాత్రిళ్లు మంచాల మీద పడుకోబెట్టి మాకు పద్యాలు అట్లాగే నేర్పాడు. అన్న టీ గ్లాసు కింద పెట్టి కొంచెంసేపు కొండవైపు చూశాడు.)

మేనమామ: పద్యం తప్పు చదివితే నాలుక్కు దెబ్బ తగలదు అమ్మణ్ణీ. ఒకటి చెప్పు. ఆ బిడ్డ ఏ కాలితో తన్నింది?

మేనకోడలు: కుడికాలితో.

మేనమామ: నొచ్చింది ఏ మోకాలు?

అమ్మాయి వెంటనే బదులు చెప్పలేదు. చెప్పినప్పుడు గొంతు తగ్గింది.

మేనకోడలు: ఎడమది.

మేనమామ: లేచిన కాలికి ఏమీ కాలేదు. నిలబడ్డ కాలికి తగిలింది. మోకాలు తలుపు బందు లాంటిదని నువ్వే చదువుకున్నావు కదా. ముడుచుకుంటుంది, చాచుకుంటుంది, పక్కకు మెలి తిరగదు. తిరగాల్సింది పైన తుంటి, కింద పాదం. పాదం నేలకు అతుక్కుపోయి పైన ఒళ్లు తిరిగితే ఆ మెలి అంతా మధ్యలో మోకాలి మీద పడుతుంది. ఎంత ఎత్తు తన్నితే అంత మెలి. నడుం ఎత్తుకు మడమ పావు చుట్టు తిరిగినా సరిపెట్టుకోవచ్చు. తల ఎత్తుకు పోవాలంటే మడమ ఎదుటోడివైపు చూడాల. దాదాపు అర చుట్టు. ఆ బిడ్డకు పాదం తిప్పడం ఎన్ని రోజులు నేర్పినావు?

మేనకోడలు: తిప్పమని చెప్పినా.

మేనమామ: చెప్తే రాదు. నీకు కూడా వచ్చిందో లేదో చూద్దాం. చెల్లెమ్మా, ముగ్గుపిండి తేపో.

తెచ్చాను. అన్న గొంతుక్కూర్చుని పళ్లెమంత మేర పిండి పలుచగా రాల్చాడు. దాని మధ్యలో అమ్మాయిని ఎడమకాలు పెట్టమన్నాడు. అమ్మాయి గాలిలో తల ఎత్తుకు ఒక తన్ను తన్ని, కాలు వెనక్కి తీసుకుని పక్కకు తప్పుకుంది. ముగ్గురం వంగి చూశాం. మునివేళ్ల కింది మెత్త నిలిచిన చోట చిన్న గుంట. మడమ పావు చుట్టు దాకా చక్కగా తిరిగింది, గీత స్పష్టంగా ఉంది. అక్కడ ఆగింది. ఆ తరువాత గీత లేదు, పిండి చెదిరిన గుర్తులు, ఈడ్చినట్టు. రాష్ట్రస్థాయి పోటీల్లో ఆడిన పిల్ల కాలిముద్ర అది.

ఇంకోచోట పిండి రాల్చి అన్న తన్నాడు. నడుం ఎత్తే. ఆయన మడమ గీసిన గీత దోసె పెనం మీద గరిటె తిప్పినట్టు అర చుట్టు తిరిగింది. ఎక్కడా తెగలేదు.

మేనమామ: చూసినావా? పావు దాకా నీ పాదం తిరిగింది. మిగతాది నీ మోకాలు మోసింది. ఇప్పుడు నీకు ఇరవై మూడేండ్లు, మోస్తుంది. ఆ బిడ్డది మోయలేదు.

మేనకోడలు: సరే మామా, నేను ఒప్పుకుంటా. ఇప్పుడు నేను ఒకటి చూపిస్తా, నువ్వు కూడా ఒప్పుకోవాల. ఇంకోసారి తన్ను, ఫోన్లో తీస్తా.

ఫోన్లో స్లో మోషన్ పెట్టి తీసింది. తెర మీద అన్న మోకాలు మెల్లగా పక్కకు లేచింది. నడుం ఎత్తుకు వచ్చి, నేలకు అడ్డంగా, కొంచెంసేపు నిలిచింది. తరువాతే పాదం విసురుగా పోయింది. విసిరిన పాదం మళ్లీ తొడ దగ్గరికి మడుచుకుని వచ్చి కిందికి దిగింది. నా కంటికి దేవాలయం గోడ మీద చెక్కిన బొమ్మలా ఉంది.

మేనకోడలు: బొమ్మలాగా ఉండాది, నిజం. కానీ ఈ నిలిచిన చోట చూడు. ఇక్కడ ఏం రాబోతుందో ఎదుటోడికి తెలిసిపోయింది. మోకాలు పక్కకు లేచిందంటే రౌండ్ కిక్కే. నాకు ఆ సమయం చాలు, లోపలికొచ్చేస్తా. తన్ను మామా, చూపిస్తా.

అన్న తన్నాడు. మోకాలు లేచేసరికి అమ్మాయి ఒక్క అడుగులో ఆయన ఒళ్లోకి వచ్చినట్టు వచ్చింది. పిడికిలి ఆయన రొమ్ముకు తగలకుండా, చొక్కా గుండీకి తగిలీ తగలనట్టు ఆగింది.

మేనకోడలు: అందుకే మేం మోకాలు నేరుగా ముందుకు ఎత్తుతాం, మయె గెరికి (నేరుగా ముందుకు తన్నేదానికి) ఎత్తినట్టు. ఎదుటోడు కడుపులోకి తన్ను వస్తుందని చెయ్యి కిందికి దించుతాడు. అప్పుడు నడుం తిప్పితే అదే మోకాలి నుంచి పాదం తలకు పోతుంది. మీ పద్ధతిలో నేర్చుకున్నోళ్లు దీన్ని తప్పంటారు. మోకాలు పక్కకు రాలేదు, ఇది మవాషే కాదంటారు.

మేనమామ: పక్కకు ఎత్తితేనే తుంటి తెరుచుకునేది. నేరుగా ఎత్తిన మోకాలిని గాల్లో తిప్పాలంటే ముందు తుంటికి ఆ దోవ తెలిసుండాల. ప్లాస్టిక్ కుర్చీ పక్కన పెట్టుకుని దాని వీపు మీదుగా మోకాలు దాటించమంటా నేను. దినానికి ఒక్కో కాలికి యాభై సార్లు. తన్నే పనిలేదు. మూడు నెలలు చేస్తే నువ్వు నేరుగా ఎత్తు, పక్కకు ఎత్తు, నీ ఇష్టం. ఇది పాతకాలం నుంచి వచ్చిన దోవ.

మేనకోడలు: ఎంత పాతకాలం మామా? హెయాన్ కటాలు (వరుసగా కట్టిన కదలికల సాధనలు) ఐదున్నాయి. ఏ కటాలో ఉంది ఈ తన్ను?

మేనమామ: దేంట్లోనూ లేదు.

మేనకోడలు: ఫునకోషి గిచిన్ ఒకినావా నుంచి టోక్యోకు కరాటే తెచ్చింది 1922లో. అప్పటి కరాటేలో తన్నంటే ఎక్కువగా నేరుగా తన్నేదే, అదీ నడుం కిందికే. ఈ తిప్పి తన్నేదాన్ని, ఎత్తు తన్నులను ముందుకు తెచ్చింది ఆయన కొడుకు గిగో అంటారు, 1930లలో. ఆయన 1945లో నలభై నిండకుండానే పోయినాడు. ఒక పడుచోడు నాయన పద్ధతిని మార్చబట్టే కదా నువ్వు ఈరోజు పాతది అంటా ఉండే తన్ను వచ్చింది?

మేనమామ: మార్చినాడు. నాయన దగ్గర అంతా నేర్చుకుని మార్చినాడు. రెండు నెలలకు మార్చలేదు. సరే, నీ పాయింట్ల మాటే తీసుకుందాం. టోక్యో ఒలింపిక్స్ చూసినావు కదా? 2021 ఆగస్టు 7. బుడోకాన్‌లో మగవాళ్ల ఆఖరి పోటీ.

మేనకోడలు: చూసినా. మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటా చూసినాం.

చూడనివాళ్ల కోసం చెబుతాను. 75 కిలోల పైబడిన మగవాళ్ల ఫైనల్. సౌదీ అరేబియాకు చెందిన తారెగ్ హమెదీ, ఇరాన్‌కు చెందిన సజ్జాద్ గంజ్‌జాదే. హమెదీ 4–1తో ముందున్నాడు. అప్పుడు తలకు వేసిన ఎత్తు తన్ను సరిగ్గా తగిలింది. గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు, స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. రెఫరీలు మాట్లాడుకుని, దెబ్బ అదుపు తప్పిందని హమెదీని అనర్హుడిగా తేల్చారు. నేలకూలినవాడికి బంగారం, పడగొట్టినవాడికి వెండి. కరాటేకు ఒలింపిక్స్‌లో చోటు దక్కింది ఆ ఒక్కసారే. 2024 పారిస్‌లో లేదు. అంటే ఇప్పటిదాకా ఒలింపిక్ కరాటేలో జరిగిన చిట్టచివరి ఫైనల్ తీర్పు ఒక ఎత్తు తన్ను మీద నడిచింది.

మేనమామ: అంత గొప్ప ఆటగాడికే తల మీద అదుపు దొరకలేదు. తగిలీ తగలకుండా వెంట్రుకవాసిలో ఆపడం, అదీ కరాటే. సున్ దొమె అంటారు. అది రావాలంటే గాల్లో వెయ్యిసార్లు తన్ని, వెయ్యిసార్లు కాలు వెనక్కి తీసుకోవాల. విసిరేది అందరూ విసురుతారు. వెనక్కి తెచ్చుకునేది ఎంతమంది?

మేనకోడలు: ఇక్కడే మామా నేను నీతో కలవను. గాలి కదలదు. గాలి ముందుకు రాదు, తల వంచదు, భయపడి పక్కకు తిరగదు. నిలబడి ఉండే గాలి మీద పదేండ్లు అదుపు నేర్చుకున్నోడు మొదటిసారి కదిలే మనిషిని చూసినప్పుడు రెండే జరుగుతాయి. తగలదు, లేదంటే గట్టిగా తగులుతుంది. అదుపు అంటే దూరం తెలియడం. దూరం నేర్పేది ఎదుటి మనిషే. ఇప్పుడు నీ గుండీ దగ్గర నా పిడికిలి ఆగింది కదా, అది గాల్లో నేర్చుకున్నది కాదు. వారానికి మూడుసార్లు మనుషుల మీద తప్పులు చేసి, సారీ చెప్పి, మళ్లీ చేసి నేర్చుకున్నది.

ఈ ఒక్క చోట నేను పూర్తిగా మా అమ్మాయి పక్షం. ఈత గట్టు మీద నేర్చుకోలేం. అన్న దగ్గర నేర్చుకున్న పిల్లలు ఆదివారాలు వరుసగా నిలబడి తన్నుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. కానీ జతలు కట్టి ఎదురెదురుగా నిలబెడితే వాళ్లకు కాళ్లు ఆడవు, నేను చూశాను. అన్నతో ఆ మాటే అన్నాను. ఆయన కాదనలేదు.

మేనకోడలు: ఇంకొకటి కూడా చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. మీ పద్ధతిలో దెబ్బలు లేవా? నీ తుంటి సంగతేంది?

అన్న చెప్పడేమో అనుకున్నాను. చెప్పాడు.

మేనమామ: కాళ్లు చాలా దూరం చీలాలని మా మాస్టరు మమ్మల్ని గోడకానించి కూర్చోబెట్టి మోకాళ్ల మీద నిలబడేవాడు. ఒంటికి వేడి కూడా ఎక్కకముందే, పొద్దున లేస్తూనే. ఒకరోజు లోపల పట్టుమన్నది. పద్దెనిమిదేండ్లు నాకు. ఇప్పటికీ కొండకు నడిచిపోతే మోకాళ్ల పర్వతం దగ్గర ఆ కాలు నన్ను ఆపుతుంది. తన్ను నడుం దాటి పోదు. నడుం దాటొద్దని నేను పిల్లలకు చెప్పేదాంట్లో నా కాలి మాట కూడా ఉంది, అది నిజమే.

మేనకోడలు: అందుకే మేం క్లాసు మొదట్లో కాళ్లు ఊపడం, మెల్లగా తిప్పడం, అంతే. సాగదీసి పట్టుకునేది చివర్లో, ఒళ్లంతా వేడెక్కినంక. ఎవరి కాలినీ ఎవరూ తొక్కరు. తుంటి ఎముక అమరిక అందరికీ ఒకే తీరుగా ఉండదు. కొందరికి ఎంత సాధన చేసినా తల ఎత్తుకు పోదు. వాళ్లు నడుం ఎత్తు తన్ని రెండు పాయింట్లు తెచ్చుకుంటారు.

మేనమామ: ఆ మాట మీ క్లాసులో బిడ్డలకు చెప్పినావా?

మేనకోడలు: లేదు.

మేనమామ: చెప్పు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అమ్మాయి మళ్లీ ముగ్గుపిండి దగ్గరికి పోయింది. ఒకటి, రెండు, మూడుసార్లు తన్నింది, ప్రతిసారీ వంగి చూసుకుంది. మూడోసారికి మడమ గీత అర చుట్టుకు దగ్గరపడింది. ఆమెకే ఏదో అనుమానం వచ్చినట్టుంది. మా మిద్దె మీద ఒక మూల టైల్స్ వేయలేదు, గరుకు సిమెంటు. అక్కడికి పోయి అదే తన్ను తన్నబోయి సగంలో ఆపేసింది.

మేనకోడలు: మామా, పిండి మీద నున్నగా జారింది కాబట్టి తిరిగింది. ఇక్కడ తిరగదు. అరికాలు పట్టేసుకుంటుంది. నీది మట్టి, మట్టిలో మడమ తిరుగుతుంది. నా క్లాసు మిద్దె అంతా ఇట్లాంటి సిమెంటే.

మేనమామ: మడమ రవ్వంత లేపి, మునివేళ్ల మీద తిరగాల. గరుకు నేల మీద కూడా అప్పుడు...

మేనకోడలు: ఆ బిడ్డ బూట్లేసుకుని ఉండింది.

మేనమామ: ఏందీ?

మేనకోడలు: ఎండకు సిమెంటు కాలిపోతా ఉంటుందని ఈ నెల నుంచి అందరినీ బూట్లేసుకోమన్నా. అడుగున రబ్బరు. రబ్బరు సిమెంటును ఎట్ల పట్టుకుంటుందో... పాదం తిప్పమని నేను అరుస్తానే ఉండా మామా. ఆ బిడ్డ తిప్పాలన్నా తిరిగేది కాదు.

ఆ మాట అంటూ అమ్మాయి అక్కడే సిమెంటు మీద కూర్చుంది. అన్న లేచి పోయి పక్కన కూర్చున్నాడు. ఎత్తు తగ్గించి ఉంటే బూట్లున్నా అంత దెబ్బ తగిలేది కాదని ఆయన అనగలడు, అది నిజం కూడా. అనలేదు. నేలమీద చెయ్యి వేసి రుద్ది చూసి, ఇది ఉప్పుకాగితం లాగా ఉంది, దీని మీద నేనైనా తన్నను అన్నాడు.

ఆ రాత్రి ఇద్దరూ కూర్చుని లెక్కలు వేశారు. ఒకదానిలో ఒకటి ఇమిడే రబ్బరు చాపలు కొనాలి, రెండు నెలల ఫీజు దానికే. చాపలు వచ్చేదాకా క్లాసు పొద్దు గూకినాకే, వట్టి కాళ్లతో. పన్నెండేళ్లలోపు పిల్లలకు తన్ను నడుం ఎత్తే. కుర్చీ సాధన రోజూ ఉంటుంది, కానీ పది నిమిషాలు మించదు. ఆ పదీ కాగానే జతలు కట్టి, ఎదుటివాళ్లు కదులుతుండగా ప్యాడ్ మీద చప్పుడు వినిపించాలి. ఇది అమ్మాయి పట్టు, ఆమె వదల్లేదు. తల మీద తన్నుకు మూడు పాయింట్లు ఇవ్వడమే తప్పన్నది అన్న పట్టు, ఆయనా వదల్లేదు. పొద్దున్నే అమ్మాయి ఆ పిల్ల ఇంటికి పోయి వాళ్లమ్మకు ఉన్నదున్నట్టు చెప్పి వచ్చింది.

మన ఊళ్లలో కరాటే ఎక్కువగా మిద్దెల మీద, బడి ఆవరణల్లో, కల్యాణమండపాల్లో నడుస్తుంది. పిల్లల్ని పంపే అమ్మలకూ నాయనలకూ ఒక్క మాట. పిల్ల కాలు ఎంత ఎత్తుకు పోతుందో చూసి మురిసేముందు, ఒకసారి ఆ క్లాసుకు పోయి చెప్పులు విడిచి నేలమీద నిలబడండి. అరికాలు ఆనించి పాదం తిప్పి చూడండి. మీ మడమ తిరగకపోతే మీ బిడ్డది కూడా తిరగదు. ఆ సంగతి మాస్టరుతో ఆ రోజే చెప్పండి.